మోసినా పని సున్నా

మా ఊరి మిర్చి యార్డులో హమాలీలెవరూ పని చేయడం లేదని శాస్త్రీయంగా రుజువైనట్లు తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. గుంటూరుకీ సత్తెనపల్లికీ మధ్య ఇరుక్కున్న మాలాంటి చిన్న ఊరికి ఇంత పెద్ద నిజం దక్కడం పూర్వజన్మ సుకృతం.

సంగతంతా రేకుల షెడ్డు అడగడం దగ్గర మొదలైంది. ఎండలు మండుతున్నాయి. హమాలీల మేస్త్రి రసూల్ చెప్పులు బయట విడిచి కమిటీ గదిలోకి వచ్చాడు.

"మిర్చి టిక్కీ బస్తా దించాక తల దాచుకోను నీడ లేదండి. కళ్లు తిరుగుతున్నాయి. నాలుగు రేకులు వేయించండి, చాలు" అన్నాడు.

చైర్మన్ రామాంజనేయులు గారు ధర్మాత్ములు. కాదనే మాట ఆయన నోట రాదు. అందుకు వేరేవాళ్లను నియమిస్తారు. విశ్రాంతి పని చేసినవాడి హక్కు గనుక, ముందు వీళ్లు చేస్తున్నది పనేనా అన్నది తేల్చమని ఫిజిక్స్ లెక్చరర్ రామచంద్రమూర్తి గారితో ఏకసభ్య సంఘం వేశారు.

మూర్తి గారు ఫ్యాను కింద కూర్చుని తేల్చేశారు. పని అంటే బలాన్ని, ఆ బలం దిశలో జరిగిన స్థానభ్రంశంతో హెచ్చవేస్తే వచ్చేది. రసూల్ మిర్చి టిక్కీని పైకి మోస్తాడు, నడిచేదేమో అడ్డంగా. మధ్య కోణం తొంభై డిగ్రీలు. పని సున్నా. నేల మీంచి నెత్తికి ఎత్తుతాడు కదా అని ఎవరో గొణిగారు. ఎత్తింది మళ్లీ దించుతున్నాడు కదయ్యా, చెల్లుకు చెల్లు అన్నారాయన. కూర్చున్నచోటు నుంచి కదలకుండా తొడిమలు తీసే ఆడకూలీల సంగతి ఇక ఎత్తకపోవడమే మర్యాద.

స్థానభ్రంశం అన్న మాటకు మాత్రం చైర్మన్ గారు ఉలిక్కిపడ్డారు. పైనుంచి బలం దండిగా ఉండి, ఏళ్ల తరబడి కుర్చీ నుంచి స్థానభ్రంశం లేనివారాయన. ఆ సూత్రాన్ని ఆయనకు వర్తింపజేసేటంత మర్యాద తెలియనివాళ్లు మా యార్డులో లేరు.

"శాస్త్రం ముందు అందరూ సమానమేనండి. పని చేయనివాడికి నీడ వేయిస్తే రేపు రైతు నన్ను తిట్టడా?" అని సభలో ప్రశ్నించారు. చప్పట్లు కొట్టాం. సంగతి తేలేలోగా తెచ్చి ఉంచిన రేకులు వృథా కాకూడదని ఆయన కారుకు షెడ్డు వేయించారు.

మొన్న మిట్టమధ్యాహ్నం రసూల్ నెత్తిన టిక్కీతోనే కుప్పకూలాడు. వడదెబ్బ. మూర్తి గారు వచ్చి చూసి, ఈసారి బలమూ స్థానభ్రంశమూ రెండూ కిందికే గనుక పని జరిగిన మాట నిజమేనని, అయితే చేసింది భూమ్యాకర్షణ గనుక రసూల్‌ది అనడం కుదరదని సెలవిచ్చారు. తోటి హమాలీలు అతణ్ణి ఎత్తుకుని ఆటో దాకా పరుగెత్తారు. అడ్డంగానే కాబట్టి అదీ సున్నాయే.

మేమంతా చుట్టూ నిలబడి, అయ్యో పాపం అనుకుంటూ చూశాం. ఒక్కరమూ అడుగు కదపలేదు. గుంపులో మీరూ కనిపించారు. సూత్రం తెలిసిందిగా, మన పని ఎంతో మీరే లెక్క కట్టుకోండి.