గడ్డగారి ఫైలు

నిప్పును కనిపెట్టినవాడికీ, చక్రాన్ని కనిపెట్టినవాడికీ చరిత్ర తగిన గౌరవమే ఇచ్చింది. ‘వివరాలు సరిపోలలేదు’ అనే వాక్యాన్ని కనిపెట్టిన మహానుభావుడికి మాత్రం ఇంతవరకూ ఒక్క విగ్రహమైనా లేదు. ఆయన ఘనత లోకానికి తెలియజెప్పే భాగ్యం చివరికి మా బాబాయి పెద్దపేగుకు దక్కింది.

మా బాబాయి దర్జీ. నలభై ఏళ్లుగా ఎందరి నడుములో కొలిచాడు గానీ తన నడుము లోపల ఏం జరుగుతోందో మొన్నమొన్నటిదాకా ఆయనకే తెలియదు. తీరా చూస్తే పెద్దపేగులో గడ్డ. అదీ కేన్సరు గడ్డ. డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతూ విషయం విడమరిచి చెప్పారు. గడ్డలోని జన్యువుల రాతను అక్షరం అక్షరం చదువుతారట. పక్కన బాబాయి రక్తంలోని రాతను పెట్టి పోలుస్తారట. ఎక్కడెక్కడ తేడా వచ్చిందో చూస్తే గడ్డ ఏ మందుకు లొంగుతుందో, ఏది ఎక్కించినా దండగో తెలిసిపోతుందట.

“రిపోర్టు రాగానే మొదలుపెడదాం. మూడు వారాలు మాత్రం దాటనివ్వకండి. కాలేయానికి పాకిందంటే ఇక నా చేతుల్లో ఉండదు,” అన్నారు.

“అంటే ముందు కొలతలు, తర్వాతే కుట్టడం. ఇన్నాళ్లకి వైద్యం మా దారికొచ్చింది,” అని బాబాయి సంతోషించాడు. (పిన్ని సంతోషించలేదు. ఇంటికొచ్చి క్యాలెండరులో మూడు వారాల తర్వాతి సోమవారం చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది.)

ల్యాబువాళ్లు తమ పని చక్కగా చేశారు. రక్తానికీ గడ్డకూ పద్దెనిమిది వందల నలభై ఆరు చోట్ల తేడా ఉందని తేల్చారు. అయితే ఏ రిపోర్టయినా బయటికి రావాలంటే ఆసుపత్రిలో పద్నాలుగో నంబరు గదిలోని సరిపోలిక విభాగాన్ని దాటాలి. ఒకరి నమూనా ఇంకొకరిదిగా నమోదు కాకుండా కాపు కాయడం ఆ విభాగం పని. (అంతకుముందోసారి ఎవరిదో మూత్రపిండంలోని రాయిని ఇంకెవరి ఇంటికో భద్రంగా పంపించారట. అప్పట్నుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నారు.) అక్కడి తొమ్మిదో నిబంధన ప్రకారం రెండు నమూనాల మధ్య ఒక్క అక్షరం తేడా ఉన్నా అవి ఇద్దరు వ్యక్తులవి.

రిపోర్టు ఆగిపోయింది. బాబాయి ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీలో లభించిన గడ్డ మీది కాదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.’

“నాది కాదట్రా! ఎవరిదో వాళ్లకిచ్చేసి వద్దాం పద,” అన్నాడు బాబాయి చెప్పులు వేసుకుంటూ.

ముగ్గురం పద్నాలుగో గదికి వెళ్లాం. అధికారి మర్యాదస్తుడు. మాకు కుర్చీలు కూడా వేయించారు.

“చూడండమ్మా, ఒకటో రెండో అయితే నేనే సర్దేసేవాణ్ణి. పద్దెనిమిది వందల నలభై ఆరు తేడాలు పెట్టుకుని ఒకే మనిషంటే పైవాళ్లు ఊరుకుంటారా?”

“ఆ గడ్డ ఈయన కడుపులోనే ఉంది కదండీ!” అంది పిన్ని.

“ఎక్కడుంటున్నారన్నది చిరునామా అమ్మా. ఎవరన్నది వేరే సంగతి. మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లు మీరైపోతారా?”

నేను పరుగున వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చాను.

“అయ్యో, ఆ తేడాలే కదండీ నాక్కావాల్సింది!” అన్నారావిడ. “ఇలాంటి గడ్డల మీదికి ఒంట్లోని రక్షణ కణాల్నే ఉసిగొల్పే మందుంది. రిపోర్టివ్వండి, రేపే ఎక్కిస్తాను.”

“అంటే తేడాలున్నాయని మీరూ ఒప్పుకుంటున్నారన్నమాట.”

“ఒప్పుకోవడమేంటండీ, పరీక్ష చేసిందే అందుకు!”

“రాసివ్వండి.”

డాక్టరమ్మ రాసిచ్చారు. బాబాయీ గడ్డా వేర్వేరు వ్యక్తులేననడానికి తిరుగులేని సాక్ష్యంగా అధికారి దాన్ని ఫైలులో పెట్టి ముద్ర వేశారు.

సోమవారానికి ఇంకా నాలుగే రోజులు. వేళాకోళం పక్కనపెట్టి ఒక్క మాట చెప్పాలి, నాకు నిజంగా భయమేసింది. వరండాలో పిన్ని నా చెయ్యి పట్టుకుని, “వీళ్ల కాగితాలకి మీ బాబాయిని వదిలేసుకోవాలేంట్రా?” అని భోరుమంది.

ఆ ఏడుపు విని అధికారే బయటికొచ్చారు. ఆయన మనసు మెత్తనిది, నిబంధనలే గట్టివి.

“దీనికింత బాధెందుకమ్మా? వేరే మనిషన్నప్పుడు వేరే ఫైలు తెరుచుకోండి. ఎవరు కాదన్నారు?”

గడ్డ పేరిట దరఖాస్తు పెట్టాం. వయసు, డాక్టరమ్మ అంచనా ప్రకారం, ఏడేళ్లు. ఎత్తు అంగుళంన్నర. చిరునామా బాబాయి కడుపు, కుడివైపు. వృత్తి అన్నచోట నేను ‘పెరగడం’ అని రాస్తే అధికారి కొట్టేసి ‘స్వయం ఉపాధి’ అని దిద్దారు. ఇంటి యజమానితో బంధుత్వం అన్న గడి దగ్గర కాసేపు చర్చ జరిగింది.

“మన తిండి తింటూ మనకే ఎసరు పెడుతోంది కాబట్టి దగ్గరి చుట్టమని రాయండి,” అన్నాడు బాబాయి. మైనరు కనుక సంరక్షకుడిగా ఆయనే సంతకం చేశాడు.

ఇక చూడండి, ఆ ఫైలు పరుగులు తీసింది. గడ్డ వివరాలు గడ్డతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలాయి. శుక్రవారం రిపోర్టు, శనివారం మందు మంజూరు. సోమవారం నర్సు కార్డు చూసి, “పేషెంటు ఈ గడ్డ కదా, మరి మీరెవరు?” అని అడిగింది.

“తోడొచ్చానమ్మా,” అని బాబాయి చెయ్యి చాపాడు. పేషెంటు దగ్గరికి వేరే దారి లేకపోవడంతో సూది ఆయనకే గుచ్చారు.

మందు పనిచేసింది. ఆరు నెలలకు స్కానులోనూ, పేగులోకి పంపిన కెమెరాలోనూ గడ్డ జాడ లేదు. పిన్ని డాక్టరమ్మను కావలించుకుని వదల్లేదు. బాబాయి ఒళ్లు చేసి, తన ప్యాంటు నడుము తనే విప్పి కుట్టుకున్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

వారం తిరక్కుండా ఆసుపత్రి నుంచి బాబాయికి సంతాప లేఖ వచ్చింది. మైనరు పేషెంటును దక్కించలేకపోయినందుకు చింతిస్తున్నామనీ, సంరక్షకులు ధైర్యంగా ఉండాలనీ రాశారు. చేర్చుకునేనాటికి చురుగ్గా ఎదుగుతున్న పేషెంటు ఆరు నెలల వైద్యంలో ఆనవాలు లేకుండా ఎలా పోయిందో చెప్పాలని డాక్టరమ్మకు నోటీసు వెళ్లింది. తన గది బయట మరో పదకొండుమంది రోగులు కూర్చుని ఉండటంతో, వాదించే తీరిక లేక, ఇకముందు ఏ గడ్డకూ ఇలా జరగనివ్వనని ఆవిడ రాసిచ్చారు.