పారబోసిన నీళ్ళ దొంగతనం

మా భవనంలో నీళ్ళు లేవన్న సంగతిని నివాసుల సంఘం అధికారికంగా గుర్తించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంతకుముందు ఆ సంగతి కుళాయిలకు మాత్రమే తెలుసు. పైనున్న ట్యాంకు పొద్దున నింపితే మధ్యాహ్నానికల్లా అడుగు కనిపిస్తోంది. మూడో అంతస్తు పంతులమ్మకు ఒంటినిండా సబ్బు ఉండగా నీళ్ళు ఆగిపోయాయి. ఆ రోజు ఆమె బడికి ఆలస్యంగా వెళ్ళి, పాఠమంతా గోక్కుంటూ చెప్పింది.

సంఘం అధ్యక్షులవారు తక్షణమే విచారణ సంఘం వేశారు. దానికీ తామే అధ్యక్షత వహించి, నిష్పాక్షికతకు లోటు రాకుండా తమ బావమరిదిని సభ్యుడిగా నియమించారు.

అధ్యక్షులవారి వంటింట్లో, సింకు కింద, తాగునీటిని శుద్ధిచేసే యంత్రం ఒకటి ఉంది. ఇలాంటి యంత్రాలు కొంత నీటిని వడగట్టి పక్కనున్న చిన్న ట్యాంకులోకి పంపుతాయి. మిగిలినదాన్ని మోరీలోకి వదులుతాయి. ట్యాంకు నిండగానే తమంతట తామే ఆగిపోవాలి. అధ్యక్షులవారిది ఆగేది కాదు. మైకు ముందు ఆయనెంతో, సింకు కింద అదంత.

"ఏమండీ, ట్యాంకు నిండినా ఇది ఆగట్లేదు. గొట్టంలోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి," అని భార్య పోరింది.

"ఆగిపోయేవి చవక యంత్రాలు. ఇది ఖరీదైంది," అన్నారాయన.

ఆమె పోరు పడలేక చివరికి మెకానిక్‌ను పిలిపించారు. అతను సింకు కింద తలదూర్చి, బాధగా నిట్టూర్చి, ఫిల్టర్లు మార్చాడు. వడగట్టే పొర మార్చాడు. బాగానే ఉన్న కుళాయి కూడా మార్చాడు. తన ఫోన్ నంబరున్న స్టిక్కరు అంటించాడు. ఆగుతుందా అని ఆమె అడిగితే, "ఆగడం సంగతి వేరేగా చూడాలమ్మా," అని సంచి సర్దుకున్నాడు. కొత్త సరంజామాతో నీళ్ళు మునుపటికన్నా హుషారుగా మోరీలోకి పోసాగాయి.

ఈలోగా విచారణ సంఘం నేరస్థురాలిని పట్టేసింది. నీళ్ళెప్పుడూ కిందికే పారతాయి. కింది అంతస్తులో దర్జీ ఆవిడ ఉంటోంది. ఈ రెండు సత్యాలనూ పక్కపక్కన పెట్టిన ఘనత బావమరిదిది. దర్జీ ఆవిడ మంచం పట్టిన అత్తగారితో ఒకే గదిలో కాపురం ఉంటూ, మా అందరి బట్టలూ కుట్టేది. ఆవిడ కుళాయికి తీగ చుట్టి సీలు వేశారు. దాహానికి పంతులమ్మ బిందెడు నీళ్ళు ఇచ్చేది. ముసలావిడ దుప్పట్ల సంగతి సంఘం పరిధిలోకి రాదు.

ఆవిడ గది వెనక, పై వంటిళ్ళ గొట్టం మోరీలోకి దిగుతుంది. అందులోంచి పగలల్లా తేటనీళ్ళు జారుతున్నాయి. ఆవిడ దానికింద బకెట్ పెట్టింది. బావమరిది ఫోటో తీశాడు.

సర్వసభ్య సమావేశం జరిగింది. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "సోదరసోదరీమణులారా! పారబోసిన నీళ్ళంటే ఏమిటి? మనం కష్టపడి పారబోసినవి. వాటిని మధ్యలో ఒకరు పట్టేసుకుంటే మనం పారబోసినట్టు ఎలా అవుతుంది? ఇవాళ మోరీని దోచినవాళ్ళు రేపు ట్యాంకును వదుల్తారా?"

చప్పట్లు మోగాయి. దర్జీ ఆవిడ లేచి నిలబడింది.

"అయ్యా, మంచంలో మనిషి ఉంది. దుప్పట్లు రోజూ ఉతకాలి. నా కుళాయి మీరే కట్టేశారు. మోరీలోకి పోయేవి పట్టుకుంటే మీకేం పోయింది? అసలు పొద్దస్తమానం అన్నేసి నీళ్ళు ఎవరింట్లోంచి వస్తున్నాయో, అది అడగరేం?"

ఆ ప్రశ్న చర్చనీయాంశాల్లో లేదని తోసిపుచ్చారు.

అధ్యక్షులవారి భార్య మాత్రం మధ్యలోనే లేచి ఇంటికి వెళ్ళిపోయింది. సింకు కింద కూర్చుని, యంత్రంలోకి నీళ్ళొచ్చే కుళాయి కట్టేసింది. రావడం ఆగినా పోవడం ఆగలేదు. చిన్న ట్యాంకును ఎత్తి చూసింది. అది తేలికవుతోంది. శుద్ధి అయిన నీళ్ళే వెనక్కి తిరిగి మోరీలోకి పోతున్నాయి! వెంటనే మెకానిక్‌ను పిలిచింది.

"అవునమ్మా, వెనక్కి పోకుండా ఆపే వాల్వు అరిగిపోయింది. గోరంత ముక్క. మొన్ననే చూశాను."

"చూసి మార్చలేదేం?"

"సారు యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నారు కదమ్మా. పెద్దవాళ్ళ మాట కాదంటే ఏం బాగుంటుంది?"

ఆ యంత్రం చిత్తశుద్ధిని మెచ్చుకోవాలి. నీటిని శుద్ధి చేసేది, మోరీలో పోసేది, ట్యాంకు వెలితిగా ఉందని బెంగపడి మళ్ళీ శుద్ధి చేసేది. వాల్వు మార్చగానే ఆగిపోయింది. అప్పుడే ఇంటికొచ్చిన అధ్యక్షులవారు ఆ నిశ్శబ్దానికి కంగారుపడి, "అరే, పాడైపోయిందా?" అన్నారు.

"బాగైంది," అంది భార్య. "ఇన్నాళ్ళూ భవనం నీళ్ళన్నీ మనమే మోరీలోకి పోశాం. దర్జీ ఆవిడ వాళ్ళ అత్తగారి దుప్పట్లు మనం తాగే నీళ్ళతో ఉతుక్కుంది. వెళ్ళి తప్పయిందని చెప్పండి."

ఆయన దీర్ఘంగా ఆలోచించి, వెళ్ళి చెప్పారు. నిపుణుల సాయంతో నీటి ఎద్దడికి మూలకారణాన్ని తామే స్వయంగా కనిపెట్టి రూపుమాపామని సభ్యులందరికీ చెప్పారు. మూలకారణం ఎవరింట్లో దొరికిందో ఆయన భార్య అప్పటికే పంతులమ్మకు చెప్పింది. పంతులమ్మకు తెలిస్తే భవనానికి తెలిసినట్టే. అయినా పైనున్న ట్యాంకు నిండుగా ఉంది కనుక ఎవరూ ఆరా తీయలేదు. అధ్యక్షులవారికి సన్మానం చేశాం. భార్య రాలేదు. తలనొప్పి అని ఆయనే చెప్పారు.

సన్మానానికి కుర్చీలు చాలలేదు. దర్జీ ఆవిడ కుళాయికి సీలు తీసే తీర్మానం కోసం పెట్టిన సమావేశానికి మాత్రం సభ్యులు చాలలేదు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ చాలలేదు. వెనక గొట్టం ఎండిపోయింది. దుప్పట్లు కుప్పపడ్డాయి.

ఒక ఉదయం ఆవిడ కత్తెర పట్టుకుని బయటికొచ్చింది. మేమంతా బాల్కనీల్లోంచి చూస్తుండగా సీలు తీగను పుటుక్కున కత్తిరించి, కుళాయి తిప్పి, బకెట్ నింపుకుని లోపలికి వెళ్ళింది. సంఘం ఆస్తిని పట్టపగలు ధ్వంసం చేసినా ఎవరూ కిక్కురుమనలేదు. మా భవనంలో ఇంకా న్యాయం బతికే ఉందని మీరు మురిసిపోతే మాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే, కుట్టడానికిచ్చిన మా చొక్కాలు ఇంకా ఆవిడ దగ్గర్నుంచి రావలసి ఉన్నాయి.