మేస్త్రి గారి సొంత స్లాబు

ఎవరింటికి స్లాబు వేసినా మూడుసార్లు టేపు పట్టి, నాలుగోసారి ఇంటాయన చేత పట్టించే మట్టం మేస్త్రి సొంత ఇంటి దగ్గర మాత్రం టేపు బయటికి తియ్యలేదు. "నా కన్నే రసమట్టం" అని పదిమందిలో అంటూ ఉండడం వల్లనే ఆయనకు ఆ పేరు వచ్చింది. రెండు గదులు, ఒక వంటిల్లు. ఇంతమాత్రం ఇంటికి లెక్కలేమిటని కింద నిలబడి ఒకసారి పైకి చూసి, ఒక లారీ కాంక్రీటు చాలని తేల్చేశాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆయన భార్య పదహారేళ్లుగా అద్దె ఇంట్లో గుమ్మం పక్కనే పొయ్యి పెట్టుకుని వండుతోంది. వచ్చేపోయేవాళ్లు గిన్నెలు దాటుకుంటూ నడిచే ఇల్లు అది. తలుపు వేసుకుని వండుకునే వంటిల్లు ఒకటి కావాలని అడిగీ అడిగీ, చివరికి గోడల దాకా లేపించుకుంది. ఆ గోడల మీద ఈ రోజు కప్పు పడాలి.

పొద్దున్నే మేస్త్రి గడ్డం గీసుకుంటూ ఉండగా ఆవిడ అడిగింది.

"ఏమండీ, స్లాబు మందానికి ఒక లారీ సరే. బీముల మాటేమిటి? సగం అందులోకే పోతుంది కదా."

"ఊఁ."

"రెండో లారీకి చెప్పేస్తున్నా మరి."

"ఊఁ, ఊఁ."

ఆ ఊఁలకు 'వినలేదు' అని అర్థమని ఆవిడకు తెలుసు. అయినా ఫోన్ చేసి రెండో లారీ చెప్పి, పనివాళ్లకు వంట మొదలుపెట్టింది.

పది గంటలకు మొదటి లారీ వచ్చింది. ఇంటి ముందున్న పంపు తొట్టిలో అది కాంక్రీటు మాలు పోస్తుంటే, పంపు గొట్టంలోంచి పైకి పంపిస్తోంది. ముందు గది మీద సగం పడిందో లేదో, వీధిలోకి ఇంకో లారీ వచ్చి ఆగింది.

"ఇదేంటయ్యా?" అన్నాడు మేస్త్రి.

"రెండో లోడు సార్. మీ ఇంటి నుంచే చెప్పారంట" అన్నాడు డ్రైవరు.

తను చెప్పిన లారీనే ఆవిడ మళ్లీ చెప్పేసిందని మేస్త్రి అనుకున్నాడు. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. కానీ తన పనివాళ్లందరి ముందు, 'ఎన్ని లారీలు కావాలే' అని భార్యను అడగడమా? తల తీసేసినట్టు ఉండదూ?

"వెనక్కి తీసుకుపో."

"తీసుకెళ్తే ప్లాంటులో తీసుకోరు సార్. ఇది గట్టిపడితే సుత్తి పట్టుకుని డ్రమ్ములో కూర్చోవాల్సింది నేను. ఎక్కడో ఒకచోట దింపుకోండి."

ఇదంతా వింటున్న ఎదురింటి పెద్దమ్మ గేటు దాకా వచ్చింది. "బాబూ, ఎలాగూ పారబోసేదే అయితే, మా మెట్టు విరిగి ఏడాదయింది."

మేస్త్రి మనసు కరిగింది. నిజానికి కరిగింది మనసు కాదు, చికాకు. వద్దన్న సరుకు వదిలించుకుంటూ మంచివాడనిపించుకోవడం కంటే సుఖం ఏముంటుంది? పెద్దమ్మకు మెట్టు వేయించాడు. అది చూసి టైలర్ తన కొట్టు ముందు గచ్చు అడిగాడు. లెక్కల మాస్టారు స్కూటర్ ఎక్కించుకోవడానికి వాలు అడిగారు. అన్నిటికీ తానే మట్టం చూసి, నున్నగా తాపీ పట్టాడు.

ఈలోగా మొదటి లారీ ఖాళీ అయి వెళ్లిపోయింది. పైన పనివాళ్లు మాలు సర్దుతున్నారు. రెండో లారీ వెళుతూ వెళుతూ, మేస్త్రి చెప్పినట్టే మిగిలినదంతా వీధి మొదట్లో ఉన్న పెద్ద గొయ్యిలో పోసి పోయింది. ఆ వీధికి దారి అదొక్కటే.

"మేస్త్రీ, మాలు అయిపోయింది" అని పైనుంచి కేక వినిపించింది.

"స్లాబు అయిపోయిందా?"

"మాలు అయిపోయింది. స్లాబు మిగిలింది."

"ఎంత మిగిలింది?"

"వంటిల్లు."

మేస్త్రి నిచ్చెన ఎక్కి చూశాడు. రెండు గదులూ నిండుగా ఉన్నాయి. వంటింటి మీద ఇనుప చువ్వలు, వాటి కింద రేకులు తప్ప ఇంకేమీ లేదు. సరిగ్గా అప్పుడే భార్య రెండు చేతులా క్యారేజీలతో వీధిలోకి వచ్చింది.

"రెండో లారీ రాలేదా?"

"వచ్చింది."

"ఏదీ?"

మేస్త్రి వీధి వైపు చూశాడు. ఆవిడ మెట్టు చూసింది, గచ్చు చూసింది, వాలు చూసింది. క్యారేజీలు కింద పెట్టింది.

"బీములకు సగం పోతుందని పొద్దున చెప్పానా లేదా? మీరు ఊఁ అన్నారు."

"ఆ ఊఁ వేరే."

"ఒళ్లు మండిపోతోంది నాకు. పదహారేళ్లు గుమ్మంలో కూర్చుని వండాను. వీధిలో వాళ్లందరికీ మెట్లు వేశారు, నాకు కప్పు మిగల్చలేదు."

ఆవిడ సమాధానం కోసం ఆగలేదు. ఫోన్ తీసి మూడో లారీ చెప్పింది. గంటలోపు పడితే అతుకు లేకుండా కలిసిపోతుంది, ఆలస్యమైతే వానాకాలమంతా కారుతుంది. పనివాళ్లు స్లాబు అంచున తడి గోనెలు కప్పారు.

నలభై నిమిషాలకు లారీ వచ్చింది. వచ్చి వీధి మొదట్లోనే ఆగిపోయింది. గొయ్యికి అటో కుర్చీ, ఇటో కుర్చీ వేసి, మధ్యలో బట్టలారేసే తాడు కట్టి, లెక్కల మాస్టారు కాపలా కాస్తున్నారు.

"మాస్టారూ, ఆ తాడు తియ్యండి."

"ఎలా తీస్తానండీ? పచ్చి కాంక్రీటు మీద చక్రం ఎక్కకూడదని ఇందాక మీరే కదా చెప్పారు. మీ మాట మీద గౌరవంతోనే కట్టాను."

మేస్త్రి తల పట్టుకున్నాడు. కాంక్రీటు పోసిందీ తనే, జాగ్రత్త చెప్పిందీ తనే. తాడు తీయించినా పచ్చి గొయ్యిలో లారీ కూరుకుపోతుంది.

భార్య మాత్రం వీధిలోకి తిరిగింది.

"పెద్దమ్మగారూ, మెట్టు బాగా కుదిరిందా?"

"దివ్యంగా ఉందమ్మా."

"అయితే మీ అల్లుణ్ని పంపించండి. టైలర్ గారూ, కాసేపు కొట్టు మూసి రండి. మాస్టారూ, ప్యాంటు పైకి మడవండి."

ఎవరూ కాదనలేకపోయారు. లారీ దగ్గర నుంచి పంపు దాకా, గొయ్యి పక్కన గోడ వారగా మనుషుల వరస ఏర్పడింది. మాలు నిండిన గమేళాలు చేతులు మారడం మొదలైంది. మేస్త్రి వరస పక్కన నిలబడి "ఇటు, ఇటు" అనబోయాడు. ఆవిడ ఒక గమేళా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మాస్టారికీ టైలర్‌కీ మధ్యన నిలబడండి."

"నేను పైన మట్టం చూడాలి కదా."

"పైన నేను చూసుకుంటాను."

చూసుకుంది కూడా. అంచులో ఉన్న గోనెలు తీయించి, కొత్త మాలును పాతదాంట్లో కలిసేలా పొడిపించి, మూలమూలకూ టేపు పట్టి మందం చూసింది. కింద మేస్త్రి నడుము పట్టేసింది. మధ్యాహ్నం రెండున్నరకు వంటిల్లు నిండింది. ఎక్కడా అతుకు కనిపించలేదు. ఆవిడ అంచున నిలబడి ఆ తడి కప్పు వైపు చాలాసేపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, భోజనాలకు రండని అందరినీ పిలిచింది.

సాయంత్రం పక్క వీధి నుంచి ఒకాయన తన ఇంటి స్లాబు పని మాట్లాడుకుందామని వచ్చాడు. గమేళాలు కడుగుతున్న మేస్త్రి చేతులు తుడుచుకుని ఎదురెళ్లాడు. వచ్చినాయన మర్యాదగానే నమస్కారం పెట్టి, "అమ్మగారు ఉన్నారాండీ?" అని అడిగాడు.