కళాశాల రేడియోకు శ్రోతలు దొరికిన విధం

విద్యార్థులే స్వేచ్ఛగా నడుపుకొనే ఆ కళాశాల రేడియోలో ప్రసారాలు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి సందేశంతో మొదలయ్యేవి. మధ్యాహ్నం శ్రోతల కోరికపై అదే సందేశం మళ్ళీ వచ్చేది. కోరిన శ్రోత ప్రిన్సిపాల్ గారే. సాయంత్రం ఆ సందేశంలోని లోతులను వైస్ ప్రిన్సిపాల్ గారు వివరించేవారు. విద్యార్థుల స్వేచ్ఛకు వదిలిన మిగతా వేళల్లో వాద్యసంగీతం వేసేవారు. అందులో మాటలుండవు గనుక అభ్యంతరాలూ ఉండవు.

ఇదంతా ప్రకటించే బాధ్యత రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిది. హాస్టల్లో ఆమెను రేడియో అక్క అనేవారు. ఆమె గొంతు బాగుంటుందని అందరూ ఒప్పుకొనేవారు, విన్నవాళ్ళు మాత్రం లేరు. క్యాంటీన్ యజమాని స్పీకరులో గుడ్డలు కుక్కి తన బేరం కాపాడుకున్నాడు.

ఆమెకు ఒకటే దిగులు. గదిలో ఉండే స్నేహితురాలు కడుపునొప్పితో మంచం దిగడం లేదు. అందుకని విద్యార్థుల ప్రశ్నలతో ఒక కార్యక్రమం పెడతానని అర్జీ పెట్టుకుంది. హాస్టల్ నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగిస్తారన్నది మొదటి ప్రశ్న. అర్జీని భాషాశుద్ధి కోసం పంపారు. అది ఇంకా శుద్ధి అవుతూనే ఉంది.

ఇంతలో శ్రోతలెందుకు లేరో తేల్చడానికి ఉన్నతస్థాయి సంఘం ఏర్పడింది. ఏసీ పనిచేసే గది స్టూడియో ఒక్కటే కావడంతో పెద్దలంతా అక్కడే కొలువుదీరారు. విద్యార్థుల ప్రతినిధిగా ఆమెను మీటల బల్ల దగ్గర కూర్చోబెట్టారు, మాట్లాడకూడదన్న ఒప్పందం మీద. ప్రిన్సిపాల్ గారు వస్తూనే తన లావుపాటి ఫైలును ఆ బల్ల మీద పడేశారు. మైకు మీట నొక్కుకుపోయి ఎర్రదీపం వెలిగింది.

అది ఆమె ఒక్కతే చూసింది. ఆపేద్దామని చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడే వైస్ ప్రిన్సిపాల్ గారు ట్యాంకు ప్రశ్న సంగతి ఎత్తారు.

"రేడియోలో చెప్పాల్సిన విషయమా అది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "అందులో పావురం పడి చచ్చిందని మనకు తెలుసు, సరే. వాళ్ళక్కూడా తెలిసిందనుకోండి, నీళ్ళు తాగడం మానేస్తారు. అప్పుడు ట్యాంకు కడిగించాలి. ఎందుకొచ్చిన గొడవ!"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఆ గది గోడలు చప్పుడు చొరనివ్వవు గనుక బయట ఏం జరుగుతోందో పెద్దలకు తెలియలేదు. క్యాంటీన్ యజమాని గుడ్డలు పీకేశాడు. తరగతులు ఖాళీ అయ్యాయి. తలుపు తీసేసరికి కళాశాల అంతా వరండాలో ఉంది.

సంగతి బోధపడి ప్రిన్సిపాల్ గారి మొహం పాలిపోయింది. "నీ చదువు ఇక్కడితో సరి" అన్నారు ఆమెతో, పళ్ళు నూరుతూ. కానీ ఈలోగా చప్పట్లు మోగాయి. ఎవరో ఆయన పక్కన నిలబడి ఫొటో తీసుకున్నారు. ఇంకెవరో పావురం ముక్క మళ్ళీ చెప్పమని బతిమాలారు. ఆయన కోటు సర్దుకున్నారు.

"దాపరికం లేకపోవడమే నా పాలనా విధానం" అని అక్కడికక్కడే ప్రకటించారు. ఇకపై సంఘం సమావేశాలన్నీ వారం వారం ప్రత్యక్ష ప్రసారమవుతాయని సెలవిచ్చారు. పళ్ళు నూరిన నోటితోనే ఆమెకు ప్రశంసాపత్రం కూడా ప్రకటించారు.

ప్రశంసాపత్రం మాట ఆమె చెవికెక్కలేదు. ఇక హాస్టల్ ఊరుకోదని, ఈపాటికి బకెట్లతో ఆఫీసు ముందు బైఠాయించి ఉంటారని ఆశపడుతూ పరుగున వెళ్ళింది. వాళ్ళంతా భోజనాల గదిలోనే ఉన్నారు. ఒకమ్మాయి ప్రిన్సిపాల్ గారి గొంతుతో పావురం ముక్క చెబుతుంటే మిగతావాళ్ళు కడుపు చేత్తో పట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ళలో ఆమె స్నేహితురాలు కూడా ఉంది.

"అందరం కలిసి వెళ్ళి ట్యాంకు కడిగించమని అడుగుదాం, రండి" అంది ఆమె.

గదిలో నవ్వు ఆగిపోయింది.

"అప్పుడే వద్దక్కా" అంది ఒక జూనియర్, గ్లాసులోకి నీళ్ళు వంపుకుంటూ. "కడిగించేస్తే వచ్చేవారం వాళ్ళు ఇంకేం మాట్లాడతారు?"

అని గటగటా తాగేసింది.