పర్మిషన్ డినైడ్ అను మహాభాగ్యం

మనిషిని మనిషిగా నిలబెట్టే మాటలు లోకంలో రెండే ఉన్నాయి. పర్మిషన్ డినైడ్! అమ్మ తిట్లు, మాస్టారి బెత్తం, భార్య మౌనం, అన్నీ వీటి ముందు దిగదుడుపే. నవ్వకండి. తొమ్మిది రోజులు ఈ రెండు మాటలతో కాపురం చేసినవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

ముందు నా సంగతి. నేనొక పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తాను. అలాగని నాడి పట్టి చూపించమనకండి, నాకు చేతకాదు. కంప్యూటర్ విభాగంలో కూర్చుని క్లౌడ్‌లో జాబులు నడుపుతాను. క్లౌడంటే ఎవరివో కంప్యూటర్లు, ఎక్కడో ఒక గదిలో మనకోసం వేడెక్కుతుంటాయి. జాబంటే రోజూ పొద్దున ఆరింటికి తనంతట తను లేచి, అప్పజెప్పిన పని చేసి, మళ్ళీ పడుకునే ప్రోగ్రాం. నాకన్నా క్రమశిక్షణ గలది.

నా జాబుల్లో పెద్దది మోకాళ్ళ జాబు. మోకాలి ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా ఒకటుంది. సర్జన్ల విభాగం రోజుకు ఇద్దరి వంతు వచ్చినట్టు దాంట్లో గుర్తు పెడుతుంది. నా జాబు ఆ జాబితా చదివి, ఎవరి నంబరు ఎంతకు దిగిందో వెబ్‌సైట్లో పెడుతుంది. వంతు వచ్చినవాళ్ళ ఫోనుకు 'ఫలానా రోజు వస్తారా? వచ్చేటట్టయితే ఒకటి నొక్కండి' అని మెసేజ్ పంపుతుంది.

ఆ జాబితాలో మా అక్క ఉంది. లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తు, అరిగిపోయిన కుడి మోకాలు. ఆరువందల పదహారో నంబరుతో మొదలుపెట్టి, పద్నాలుగు నెలలు ఓపిక పట్టి, పన్నెండుకు దిగింది. ఈ మధ్య బయటి ప్రపంచాన్ని బాల్కనీలోంచే పలకరిస్తోంది. మెట్లు దిగి వీధి చివరి దాకా నడిచి వెళ్ళడం ఒక్కటే ఆవిడ కోరిక.

నా కింద ఇంకో చిన్న జాబు కూడా ఉంది, జాబితాను శుభ్రం చేసేది. పాపం అది మూడేళ్ళలో ఒక్కరోజు కూడా పేచీ పెట్టలేదు. రోజూ పచ్చదీపమే. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఇక అసలు కథ. ఒక సోమవారం ఆసుపత్రిలో భద్రతా శుద్ధి జరిగింది. జాబితాలన్నీ తీసి కొత్త ఫోల్డర్లలో పెట్టి, పాత ఫోల్డర్ల మీద ఇచ్చిన అనుమతులన్నీ రద్దు చేశారు. మంగళవారం పొద్దున ఆరింటికి మోకాళ్ళ జాబు లేచింది, కొత్త ఫోల్డర్ గుమ్మం దాకా వెళ్ళింది, అక్కడే చతికిలబడింది. తెర మీద ఎర్రగీత, దాని కింద ఆ రెండు మాటలు. పర్మిషన్ డినైడ్!

ఇందులో మొదటి మేలు వినయం. నేనేం చేశానో తెలుసా? అదే జాబును నా పేరుతో, పరీక్షల కోసం పెట్టుకున్న ఉత్తుత్తి జాబితా మీద నడిపి చూశాను. చక్కగా నడిచింది! 'నా దగ్గర పనిచేస్తోంది' అని మేనేజరుకు రాసి కాఫీకి వెళ్ళాను. రెండో రోజు మళ్ళీ ఎర్రగీత, మళ్ళీ నా దగ్గర పనిచేస్తోంది, మళ్ళీ కాఫీ. మూడో రోజుకు గుర్తొచ్చింది, జాబుకు దాని సొంత గుర్తింపు కార్డు ఉంటుందని! లోపలికి వెళ్ళేది ఆ కార్డు చూపించి. నాకెన్ని అనుమతులుంటే దానికేం లాభం? ఆ కార్డు దానికి చేయించి ఇచ్చిందీ నేనే. ఇరవయ్యేళ్ళ సర్వీసులో నా గురించి నేను అనుకుంటున్నవన్నీ ఆ పూట సవరించుకున్నాను.

రెండో మేలు సాహిత్యం. అనుమతి కావాలంటే ఫారం పెట్టాలి. ఫారం మా భద్రతా అధికారికి వెళుతుంది. ఆఫీసంతా ఆయన్ని తాళాలాయన అంటుంది. ఎదురుగా మాత్రం సార్ అంటుంది. ఫారంలో 'ఎందుకు కావాలి?' అని ఒక గడి ఉంది. 'జాబితా చదవడానికి' అని రాశాను. 'వివరంగా రాయండి' అని తిప్పి పంపారు. నాలుగు పేజీలు రాశాను. 'క్లుప్తంగా రాయండి' అని తిప్పి పంపారు. ఏ పత్రిక ఎడిటరు నా మీద ఇంత శ్రద్ధ పెట్టాడు చెప్పండి?

మూడో మేలు కుటుంబ బంధాలు. మామూలు రోజుల్లో మా అక్క నాకు నెలకోసారి ఫోను చేస్తుంది. ఆ తొమ్మిది రోజులూ పొద్దున ఏడింటికల్లా మోగింది.

"కదిలిందట్రా?"

"లేదక్కా, పన్నెండే."

"ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆ కౌంటరమ్మాయి కూడా పన్నెండే అంటోంది."

"తనూ చూసేది నా వెబ్‌సైటేగా అక్కా."

"పోనీ లోపలికెళ్ళి నువ్వే ఓసారి చూడరాదూ?"

"రోగుల పేర్లు మా విభాగంలో మనుషులు చూడకూడదక్కా. మిషన్లే చూడాలి."

"మరి మిషన్ చూడట్లేదంటావు!"

వెనకనుంచి మా బావ గొంతు. "బావమరిదీ, నీ జాబును మా ఇంటికి పంపవయ్యా. మెట్ల మీద మీ అక్కా అదీ ఒకరికొకరు తోడుగా కూర్చుంటారు."

నిజం చెప్పాలంటే, రోగుల పేర్లు మనుషులు చూడకూడదన్న నియమం మంచిదే. దాన్ని నేను వేళాకోళం చెయ్యను. అక్కకోసమైనా సరే, దొంగచాటుగా చూసేవాణ్ణి కాదు. నా బాధల్లా, చూడాల్సిందాన్ని కూడా చూడనివ్వకపోతే ఎలాగని.

అయిదో రోజు ఫోల్డరు అనుమతి వచ్చింది. ఎగిరి గంతేశాను. జాబు లోపలికి వెళ్ళింది, జాబితా తెరిచింది, అంతా పిచ్చి గీతలు! జాబితాకు విడిగా ఇంకో తాళం వేశారట, దాని తాళంచెవికి వేరే ఫారం పెట్టాలట. ఈ ఎర్రగీతల్లో ఉన్న గొప్పతనమే అది. ఎన్ని అనుమతులు తక్కువైనా ఒక్కదాని పేరే చెబుతాయి. ఆ ఒక్కదాన్నీ తెచ్చుకున్నాకే రెండోదాని పేరు బయటపెడతాయి. ఓర్పు నేర్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఉందా?

ఆ తాళంచెవికోసం తాళాలాయన గదికి స్వయంగా వెళ్ళాను. బల్ల మీద కాగితం ముక్క లేదు, గోడకు గడియారం తప్ప ఏమీ లేదు. ఆయన మంచి మనిషి. కుర్చీ చూపించారు.

"సార్, మా అక్క కూడా ఆ జాబితాలో ఉందండీ."

"అయ్యో! అలాంటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలండీ. సొంతవాళ్ళకోసం ఇచ్చామన్న మాట రాకూడదు. మీకివ్వనని కాదు. ఇచ్చాననుకోండి, రేపేదన్నా అయితే?"

"ఇవ్వకపోవడం వల్ల ఇప్పుడు అవుతున్నదాని మాటేమిటి సార్?"

"దాని మీద నా సంతకం ఉండదు కదండీ!"

ఎంత నిజాయితీ! ఆ మాట ఎవరంటారండీ ఈ రోజుల్లో? నాకు కోపం రావాల్సింది, వచ్చింది కూడా. కానీ ఫారం ఆయన చేతిలో ఉంది గనక నవ్వాను.

ఏడో రోజు తాళంచెవి వచ్చింది. జాబు జాబితాను చదివింది. చదివి, లెక్క వేసుకోవడానికి చిత్తుకాగితం లాంటి ఫోల్డరు ఒకటి తెరవబోయింది. అందులో రాసే అనుమతి లేదట! చదవొచ్చు, కానీ రాసుకోకూడదు. ఇంకో ఫారం. ఇంకో 'ఎందుకు కావాలి?'

ఎనిమిదో రోజు లిఫ్టు పక్క బోర్డు మీద సర్జన్ల విభాగం నోటీసు ఒకటి కనబడింది. 'వంతు వచ్చి కబురు పెట్టినా రోగులు స్పందించడం లేదు. ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉంటోంది. ప్రజల్లో బాధ్యత తగ్గిపోతోంది.' నిజమే, జనానికి బొత్తిగా బాధ్యత లేదని తలూపుతూ లిఫ్టెక్కాను. నమ్మండి. నా బుర్రనిండా చిత్తుకాగితమే ఉంది. ఆ కబురు పెట్టాల్సింది నేనేనని తట్టలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఖరి అనుమతి వచ్చింది. మర్నాటి ఆరింటిదాకా ఆగలేక చేత్తోనే జాబును నడిపించాను. పచ్చదీపం! మేనేజరు చప్పట్లు కొట్టాడు. మెసేజ్‌లన్నీ బయటికి వెళ్ళేసరికి ఓ గంట పడుతుంది. ఆ గంటలో అక్క ఇంటికి వెళ్ళి, కళ్ళెదురుగా ఫోను మోగుతుంటే చూడాలనిపించింది. మూడంతస్తులూ పరుగున ఎక్కాను.

అక్క బాల్కనీలో కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకుని ఉంది. నేను ఊపిరి తీసుకుంటుండగానే ఫోను టింగుమంది.

"వచ్చిందిరా!" అంది అక్క, ఫోను నా చేతికిస్తూ. "కళ్ళజోడు లోపలుంది. పైకి చదువు."

చదివాను. పైకి కాదు. 'మీ వంతు వచ్చి నలభై ఎనిమిది గంటలు గడిచినా మీరు స్పందించనందున మీ పేరు జాబితా నుంచి తొలగించబడింది. అవసరమైతే మళ్ళీ నమోదు చేసుకోగలరు.'

"ఏమైందిరా? ఏ రోజు రమ్మన్నారు?"

చెప్పాను. అక్క కాలు స్టూలు మీంచి దించి వీధి వైపు చూసింది.

"నేను రాననలేదుగా," అంది. "నన్నెవరు పిలిచారు?"

మా బావ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

నాకప్పుడు గుర్తొచ్చింది, పేచీ పెట్టని ఆ చిన్న జాబు. జవాబివ్వనివాళ్ళ పేర్లు కొట్టేసి జాబితాను శుభ్రం చేయడమే దాని పని. మూడేళ్ళ కిందట నేనే రాశాను. మేనేజరు తొందరపెడుతుంటే, ఫారాల గొడవెందుకని, ఏ ఫోల్డరులోనైనా ఏమైనా చేసుకోమని సర్వాధికారాలూ దాని కార్డు మీద ఒక్కసారే రాసి పడేశాను. కొత్త ఫోల్డరైనా, కొత్త తాళమైనా దానికి లెక్కలేదు. ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే లేచి, ఎవరి అడ్డూ లేకుండా, మెసేజే అందనివాళ్ళ పేర్లు పద్నాలుగు కొట్టేసింది. కొట్టేశామని చెప్పే మెసేజ్ మాత్రం మోకాళ్ళ జాబే పంపాలి గనక, అదీ తొమ్మిదో రోజుదాకా ఆగింది. భద్రతా శుద్ధిలో దాన్నెవరూ పట్టించుకోలేదు. పచ్చగా వెలిగేదాన్ని ఎవరు చూస్తారు? నేనూ చూడలేదు.

మా అక్క పేరు చదవడానికి మూడు ఫారాలు, తొమ్మిది రోజులు పట్టాయి. కొట్టేయడానికి ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ పద్నాలుగు పేర్లూ ఎక్కడివక్కడ తిరిగి పెట్టాలంటే అనుమతి కావాలట. ఫారం తెరిచాను. 'ఎందుకు కావాలి?' అన్న గడిలో మీరింతసేపూ చదివిన దాన్నంతా మొదటి మాట నుంచీ రాశాను. తాళాలాయన చదువుతారు గనకే పొగడ్తలతో మొదలుపెట్టాను.

క్లుప్తంగా రాయమని తిప్పి పంపుతారు, తెలుసు. అప్పుడు ఒక్క ముక్కే రాస్తాను. మా అక్క మెట్లు దిగాలి సార్.