కృష్ణమోహన్ సారుకు మూడు ముద్దలు

ఆ ఆదివారం సునీల్‌కుమార్ వేసుకున్న పథకం చిన్నదే. ఆఫీసరు కృష్ణమోహన్‌ను భోజనానికి పిలవాలి, బదిలీ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. తాను ఎల్లారెడ్డిలో గుమాస్తా, భార్య ఎస్తేర్ కామారెడ్డిలో నర్సు. రెండేళ్లుగా వాళ్ల కాపురం ఆదివారాలకే పరిమితమైంది.

వంట బాధ్యత ఎస్తేర్ స్నేహితురాలు సెలాం తీసుకుంది. ఇథియోపియా పిల్ల, హైదరాబాదులో ఎస్తేర్‌తో కలిసి నర్సింగ్ చదివింది. అతిథి అంటే ప్రాణం పెడుతుంది. సారేమో పరాయి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. సొంత గ్లాసు సంచిలో వేసుకుని తిరుగుతాడు. ఆ భయంతోనే సునీల్‌కుమార్ ముందుగా చెప్పి పెట్టాడు.

"సారుకు మొగమాటం ఎక్కువ. వద్దంటరు గని, ఇనకుండ్రి."

ఎస్తేర్ దాన్ని ఇంగ్లీషులో సెలాంకు చెప్పింది. కొంప ముంచింది ఆ మాటే.

సెలాం పెద్ద పళ్లెంలో, నాలుగైదు రోజులు పులిసిన పిండితో వేసే ఇంజెరా అనే పుల్లటి దోసె పరిచి, దాని మీద పప్పూ కోడికూరా వడ్డించింది. అందరికీ ఒకటే పళ్లెం. సారు సంచిలోంచి గ్లాసు తీసేలోపే ఆమె ముద్ద చుట్టి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"వద్దమ్మా, వద్దు..."

అనడానికి నోరు తెరవాలి కదా, ముద్ద లోపలికి వెళ్లిపోయింది. వాళ్ల మర్యాద ప్రకారం మూడు పెట్టాలట. పెట్టింది.

తర్వాత కాఫీ. గింజలు అతిథి ఎదుటే వేయించి, ఆ పొగ వాసన ఆయనకు చూపించాలట. సారు దగ్గాడు. పొగ కిటికీ దాటింది.

"ఓ యమ్మా, ఇల్లంటుకున్నది!" అంటూ పక్కింటి పోచవ్వ బకెట్ నీళ్లు కిటికీలోంచి కుమ్మరించింది. కిటికీ పక్కన కూర్చున్నది సారే.

అసలే చలికాలం. ఆయన భుజాలు గజగజా వణికాయి. ఫోన్లో సెలాం దేశపు పాట మోగుతోంది, వాళ్ల నాట్యమంతా భుజాల్లోనే. సారు ఆడుతున్నాడనుకుని ఆమె మురిసిపోయి, ఎదురుగా నిలబడి తానూ భుజాలు ఆడించింది.

"నా బదిలీ ఆగమాయె," అంటూ సునీల్‌కుమార్ గోడకు జారగిలబడ్డాడు.

పాట అయిపోయింది. సారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కళ్లు ఎంత తుడిచినా తడి పోలేదు.

"సునీల్, ఆ కాగితం తే."

తెచ్చాడు. సారు దాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"మా అమ్మ పోయినంక నా నోట్ల ముద్ద పెట్టినోళ్లు లేరు. ఇసొంటి ఇంటోన్ని కామారెడ్డికి ఎట్ల పంపుత? వచ్చే ఆదివారం గూడ వస్త."

సోమవారం ఎస్తేర్ కామారెడ్డి బస్సెక్కింది, సెలాం హైదరాబాదు బస్సెక్కింది. మంగళవారం నాడు సునీల్‌కుమార్ పిండి పులియబెట్టాడు.