కప్పగారి కొట్టులో నోరు విప్పరాదు

ఆ రోజు పొద్దున నిద్ర లేస్తూనే డిజైనరు ఒక నిర్ణయం తీసుకుంది. సాయంత్రం దాకా ఎవరికీ ఏమీ చెప్పకూడదు. స్నానం చేయాలి, టిఫిను తినాలి, బస్సెక్కి ఆఫీసుకు వెళ్లాలి, మూలన కుర్చీ వేసుకుని పిల్లలు ఆట ఆడుతుంటే చూడాలి, అంతే. వినడానికి తేలికగానే ఉంటుంది గానీ ఆవిడ సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. లిఫ్టులో ముక్కూమొహం తెలియని మనిషికి ఏ అంతస్తులో దిగాలో చెప్పే రకం ఆవిడ. బస్సులో ముందు సీటువాళ్లు ఫోన్లో ఏదైనా వెతుక్కుంటుంటే వెనక నుంచి వేలు పెట్టి చూపించే రకం.

నోరు కట్టుకునే సాధన మొగుడితోనే మొదలుపెట్టింది. ఆయన కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా కళ్లజోడు కోసం వెతుకుతున్నాడు.

"నా కళ్లజోడు చూశావా?" అన్నాడు.

ఆవిడ అవుననీ కాదనీ తేలకుండా తల ఆడించింది. ఆయన సొరుగు తెరిచి చూశాడు, మూశాడు, ఫ్రిజ్ తెరిచి చూశాడు, మళ్లీ అదే సొరుగు తెరిచాడు. ఒకసారి లేదని తేలిన చోట మనిషి మళ్లీ ఎందుకు వెతుకుతాడు? పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఈ వింత ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే ఆయన సొరుగు దాకా వెళ్లకముందే చెప్పేసేది. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని మరీ చూసింది.

"నామీద కోపం వచ్చిందా?" అన్నాడాయన. ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకు ఇంకా హడలిపోయి, ఎవరూ అడక్కుండానే గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు.

ఇంత కఠిన నియమం ఎందుకంటే, దానికో కథ ఉంది. ఆవిడ పనిచేసే చిన్న కంపెనీ పిల్లల కోసం 'కప్పగారి కొట్టు' అని ఒక ఆట తయారు చేసింది. కప్ప కొట్టు పెట్టుకుంటుంది. కుందేలు, బాతు, ఎలుగుబంటి వచ్చి "నాలుగు యాపిళ్లు ఇవ్వు", "రెండు బెలూన్లు ఇవ్వు" అని అడుగుతాయి. ఆ మాటే కప్ప పిల్లలకు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పిల్లలు అన్నీ లెక్కపెట్టి బుట్టలో వేసి, పచ్చగడ్డి మీదున్న పచ్చ ఆకు నొక్కాలి. ఆలస్యమైతే కొట్టు షట్టరు దబ్బున పడిపోతుంది. ఆ కప్ప పొట్ట దగ్గర్నుంచి కుందేలు మీసాల దాకా డిజైనరు తన చేత్తో గీసింది. పరీక్షకు వచ్చిన పిల్లలంతా ఆటను చక్కగా ఆడేశారు కూడా. తీరా వాళ్లు ఆడుతుండగా తీసిన రికార్డింగులు విన్న బాసు కిందటి రోజు ఆవిడను పిలిపించాడు.

"పిల్లల గొంతు ఎక్కడా లేదమ్మా, అంతా నీ గొంతే ఉంది. 'ఆకు నొక్కు నాన్నా, ఆ ఆకు కాదు బంగారం, దాని పక్కది' అని. ఆడింది పిల్లలా, నువ్వా?"

"వాళ్లు ఇబ్బంది పడుతుంటే చూస్తూ ఎలా ఊరుకోను సార్?"

"ఇబ్బంది ఎక్కడుందో చూడ్డానికే కదా వాళ్లని పిలిచేది. రేపు ఇంకో బాబు వస్తున్నాడు. మధ్యాహ్నం ఒక బడి పెద్దావిడ వచ్చి ఆ రికార్డింగు చూస్తారు. నచ్చితే మన ఆట బడులకు వెళ్తుంది. నువ్వు నోరు విప్పావంటే మాత్రం అటకెక్కుతుంది. ఆ తర్వాత నువ్వు సబ్బుల ప్రకటనలు గీసుకోవచ్చు."

ఆ బడి వినికిడి లేని పిల్లల బడి. ఆ సంగతి చెబితే డిజైనరు రాత్రికి రాత్రే ఆ పెద్దావిడకు మెసేజులు పెట్టి సవాలక్ష ప్రశ్నలు వేస్తుందని బాసు భయం. అందుకని తనలోనే దాచుకున్నాడు. మర్నాడు పొద్దున్నే "వచ్చినవారికి ఎవరూ ఏమీ చెప్పరాదు. ఏమీ చేసిపెట్టరాదు. చూడాలి, రాసుకోవాలి" అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి, పరీక్ష గది తలుపుకు అంటించబోయాడు. రంగు కొత్తగా వేసిన తలుపు టేపును పట్టుకోలేదు. రిసెప్షను గోడకు అంటించి, ఆ పెద్దావిడను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్లిపోయాడు.

రిసెప్షనిస్టు కొత్తగా చేరిన అమ్మాయి. గోడమీద ఏం రాసి ఉంటే అది చేసే మనిషి. కాసేపటికి ఫోను మోగింది. ఎత్తి, ఏమీ మాట్లాడకుండా చెవి దగ్గర పెట్టుకుంది.

"హలో, హలో... వినిపిస్తోందా అండీ? బాబుకి జ్వరం. ఈరోజు ఆటకి తీసుకురాలేం."

ఆ అమ్మాయి 'జ్వరం, రారు' అని రాసుకుంది. ఎవరికీ ఏమీ చెప్పకూడదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

అందువల్ల, తలుపు తెరుచుకుని నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ ఏడెనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని లోపలికి వచ్చేసరికి, డిజైనరూ, ఆటకు కోడు రాసిన ప్రోగ్రామరూ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. బాబు అన్నారు గానీ పాప వచ్చింది, ఎవరైతేనేం అనుకున్నారు. నిజానికి ఆవిడే ఆ బడి పెద్దావిడ. ముందు రైలు దొరకడంతో, మనవరాలితో కలిసి ముందే దిగిపోయింది.

"నమస్కారమండీ. మీ మేనేజరు గారున్నారా?" అంది పెద్దావిడ.

రిసెప్షనిస్టు ఆవిడ వంక ఆప్యాయంగా చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. ప్రోగ్రామరు కూడా రాసుకున్నాడు. డిజైనరు రెండు పెదాలూ పళ్ల మధ్య బిగించి పట్టుకుంది.

"పోనీ, కాళ్లు కడుక్కోవాలి. బాత్రూం ఎటువైపు?"

ఎవరూ పలకలేదు. బాత్రూం కుడివైపు. ఆవిడ ఎడమవైపు వెళ్లి చీపుళ్లు పెట్టే గదిలోకి దూరింది. బయటికి వచ్చి సర్వర్ల గది తలుపు లాగింది. ముగ్గురూ కాగితాలు పట్టుకుని మునివేళ్ల మీద ఆవిడ వెనకాలే నడిచారు. డిజైనరుకు ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా లోపల ఎక్కడో ఒక కుతూహలం కూడా మొదలైంది. కుడివైపు తలుపు మీద బొమ్మ ఉంది కదా, ఆవిడకు ఎందుకు కనపడలేదు? వంగి, ఆవిడ ఎత్తు నుంచి చూసింది. పైన లైటు పడి బొమ్మ మెరుస్తోందే తప్ప ఆనవాలు దొరకడం లేదు. రోజూ వెళ్లే బాత్రూమే. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఎలాగో పని కానిచ్చుకుని వచ్చిన పెద్దావిడ ఆ ముగ్గురినీ కాసేపు నిదానించి చూసింది. ఎన్ని మాటలన్నా పలకరు, మొహాలు మాత్రం శ్రద్ధగా చూస్తారు. తన బడి పిల్లల్ని ఏళ్ల తరబడి చూసిన మనిషికి ఇంకేం కావాలి? ఆవిడ మొహం విప్పారింది. చేతులెత్తి, వేళ్లు చకచకా తిప్పుతూ సైగల భాషలో పలకరించింది.

ప్రోగ్రామరు డిజైనరు చెవిలో గుసగుసలాడాడు. "పాపం, పెద్దావిడకి వినిపించదనుకుంటా."

డిజైనరు గుండె నీరైపోయింది. వినిపించని పెద్దమనిషిని బాత్రూం కోసం ఊరేగించామా అనుకుంది. చేతులు జోడించి దణ్ణం పెట్టింది. ఆవిడ ఇంకా వేగంగా సైగలు చేసింది. ఇంతమంది వినికిడి లేనివాళ్లు కలిసి పిల్లల కోసం ఆట తయారు చేస్తున్నారంటే ఆవిడకు కళ్లు చెమర్చాయి.

ఈలోగా ఫోను మళ్లీ మోగింది. రిసెప్షనిస్టు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల బాసు.

"హలో, ఆవిడ రైల్లో లేరు. అక్కడికి వచ్చారా? హలో? మాట్లాడవేం? ఆఫీసులో ఏమైంది? అందరూ బాగున్నారా?"

'ప్రతి హలోకి గొంతు పెరుగుతోంది' అని ఆ అమ్మాయి రాసుకుంది. ఆఫీసులో ఏదో ఘోరం జరిగిపోయిందని బాసు టాక్సీ ఎక్కాడు.

పరీక్ష గదిలో పాపను కూర్చోబెట్టి ట్యాబ్ చేతికిచ్చారు. మూలన కెమెరా రికార్డు చేస్తోంది. కుందేలు వచ్చి "నాలుగు యాపిళ్లు ఇవ్వు" అంది. పాప కదల్లేదు. కుందేలు పెదాల వంక చూసింది. ఏం మాట్లాడినా అవి ఒకేలా తెరుచుకుని ఒకేలా మూసుకుంటాయి, అలా గీసింది డిజైనరే. పాప ఒక యాపిల్ వేసింది, తర్వాత ఒక బెలూను వేసింది. షట్టరు దబ్బున పడింది. మళ్లీ ఆడింది, మళ్లీ పడింది. అప్పుడు పాప అరచేతిని ట్యాబ్ వెనకవైపు ఆనించి, కప్ప మాట్లాడినప్పుడల్లా అక్కడ పుట్టే వణుకును పట్టుకోవాలని చూసింది.

డిజైనరుకు అప్పుడు అర్థమైంది. వినిపించనిది పాపకు. ఇన్నాళ్లూ తను గీసిన ఆటలో అడగాల్సినదంతా గొంతుతోనే అడిగించింది. ఒక్క అంకె కనపడదు, ఒక్క బొమ్మ చూపించదు. పాప కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇక ఆవిడ కూర్చోలేకపోయింది. నోరు విప్పొద్దన్నారు గానీ ఒళ్లు కదపొద్దనలేదుగా అనుకుని లేచింది.

రెండు చేతులూ నెత్తిమీద చెవుల్లా నిలబెట్టి, గది మధ్యకు ఒక గెంతు గెంతింది. నాలుగు వేళ్లు చూపించింది. ఏదో పండు కొరికి నమిలినట్టు దవడలు ఆడించింది. పాప కిలకిలా నవ్వి నాలుగు యాపిళ్లు బుట్టలో వేసింది. ఇప్పుడు ఆకు నొక్కాలి. ఆకును ఎలా చూపించాలో తెలియక డిజైనరు కిటికీలో ఉన్న పూలకుండీ వైపు వేలు చూపించింది. పాప గబగబా వెళ్లి ఆ మొక్క ఆకును గట్టిగా నొక్కింది. ఏమీ జరగలేదు. ఇంకా గట్టిగా నొక్కితే ఆకు ఊడొచ్చింది. పాప దాన్ని తెచ్చి ట్యాబ్ మీద పెట్టింది.

ప్రోగ్రామరు ఇక ఆగలేక బాతై నడుం ఊపుకుంటూ వచ్చాడు. రిసెప్షనిస్టు గోడమీది కాగితం వంక ఒకసారి, పాప వంక ఒకసారి చూసి, చెయ్యి అడ్డంగా పెట్టి షట్టరై దిగింది. ముగ్గురూ మూతులు బిగించుకుని గదంతా దుముకుతుండగా బాసు చెమటలు కక్కుకుంటూ వచ్చిపడ్డాడు.

"ఏమిటిది? నేను ఏం చెప్పాను, మీరేం చేస్తున్నారు?" అని అరిచి, మూలనున్న పెద్దావిడను చూసి గతుక్కుమన్నాడు. వినికిడి లేని పిల్లల బడి అంటే ఆవిడకూ వినిపించదనుకుని గొంతు ఇంకా పెంచాడు. "నమస్కారం మేడమ్, మీ కోసం స్టేషన్‌కి వెళ్లాను."

"మెల్లగా మాట్లాడండి. నాకు చెవులు బాగానే వినిపిస్తాయి," అంది పెద్దావిడ.

"మీకు వినిపిస్తుందా?" అంది డిజైనరు.

పెద్దావిడ ఉలిక్కిపడింది. "మీకు మాటలొచ్చా?"

పెద్దావిడ ముగ్గురి వంకా ఒక్కొక్కరుగా చూసింది. "అయితే నేను బాత్రూం ఎక్కడ అని అడిగినప్పుడు మీ అందరికీ వినిపించింది."

"వినిపించిందండి," అంది రిసెప్షనిస్టు, సమయం కూడా రాసి ఉన్న కాగితం చూపిస్తూ.

బాసు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నియమమేమిటో, అది పరీక్ష గది తలుపు నుంచి గోడకు ఎలా పాకిందో నానా అవస్థలూ పడి వివరించాడు. పెద్దావిడ విని, రికార్డింగు చూపించమంది. తెరమీద డిజైనరు గెంతుతోంది. మనిషి మాట ఒక్కటీ లేదు, ఆటలోని గొంతులూ షట్టరు చప్పుడూ తప్ప. తన ఆట, తన కప్ప, అంతా అయిపోయిందనుకుంది డిజైనరు.

"ఆట మా పిల్లలకి పనికిరాదు," అంది పెద్దావిడ. "కప్ప గంటసేపు మాట్లాడుతుంది, ఒక్క ముక్కా కనపడదు. ఆకు గడ్డిలో కలిసిపోయింది. ఆ షట్టరు చూస్తే పెద్దదాన్ని నాకే గుండె దడగా ఉంది."

డిజైనరు తల వంచుకుంది. "అవునండి. నేనే అలా గీశాను. ఇప్పటిదాకా నేను చెబుతూ పోయాను కాబట్టి నాకు తెలియలేదు."

పాప లేచి వచ్చింది. ట్యాబ్‌ను బల్ల అవతలికి తోసేసి, డిజైనరు చెయ్యి పట్టుకుని లాగి, తన నెత్తిమీద రెండు చేతులూ చెవుల్లా పెట్టుకుని చూపించింది. మళ్లీ ఆడమని. డిజైనరు ఏడుస్తూనే గెంతింది.

పెద్దావిడ బాసు వైపు తిరిగింది. "కప్ప నోరు మూయించండి. ఈవిణ్ని లోపల పెట్టండి."

"ఎక్కడ లోపల?"

"ఆటలో. ఈవిడ చేసినవాటిలో సగం మా సైగల భాషే కాదు, సొంత పైత్యం. అది నేను సరిచేస్తాను. మీరు ఆకు పెద్దది చేసి రంగు మార్చండి, షట్టరు తీసేయండి. అప్పుడు మా బడే కాదు, నాకు తెలిసిన బడులన్నీ తీసుకుంటాయి."

డిజైనరు సెలవు రోజుల్లో ఆ బడికి వెళ్లి సైగల భాష నేర్చుకుంది. కుందేలును మళ్లీ గీసి, దానికి సైగలు చేసే తన చేతులే పెట్టింది. యాపిళ్ల పక్కన అంకెలు వచ్చాయి, ఆకు అరచేయంత అయ్యింది, ఎంత ఆలస్యమైనా కొట్టు మూసుకోవడం మానేసింది. వినిపించే పిల్లలు కూడా కప్పను వదిలేసి కుందేలు చేతులకేసి చూడడం మొదలుపెట్టారు.

బడుల నుంచి ఇప్పటిదాకా వచ్చిన ఫిర్యాదు ఒక్కటే, కుందేలుకు వాగుడు మరీ ఎక్కువని.